గాలిలో నీళ్ళు

కంబదూరు,
జూన్ 19.

చిరంజీవి ఈశ్వరికి మీ చిన్నాయన హనుమంతప్ప ఆశీస్సులు.

నేను క్షేమం. మీ అమ్మ తిమ్మమ్మ వదిన క్షేమం. ఆమె గొర్రెలు మా ఇద్దరికన్నా క్షేమం. ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని విసుక్కోకు. నా ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి దానితో పోటీ పడుతోంది. నువ్వు ఫోన్లో చెప్పేదాంట్లో సగం వినిపిస్తుంది, తక్కిన సగం నేనే కల్పించుకుంటాను. పైగా నీ ఫోన్ పొద్దస్తమానం మీ ల్యాబ్ గేటు దగ్గర పెట్టెలో ఉంటుందట. ఉత్తరమైతే రెండుసార్లు చదువుకోవచ్చు, నలుగురికీ చూపించుకోవచ్చు. నలుగురికీ చూపిస్తానని ముందే చెబుతున్నాను, తర్వాత కోప్పడి లాభం లేదు.

నిన్న టీ హోటల్లో నరసింహులు నా పరువు తీశాడు. "ఏమప్పా హనుమంతప్పా, డాక్టరేట్ చదివిన మీ పాప హైదరాబాదులో ఏం చేస్తాండాది?" అని అడిగాడు. నేను గొప్పగా కాలు మీద కాలేసుకుని, "తోరియం ఫ్లోరైడ్ తయారు చేస్తాండాది" అన్నాను. వాడు టీ గ్లాసు కింద పెట్టి, "ఫ్లోరైడా? మన బోర్లలో ఉండేది చాలదా? దాన్ని తాగి తాగి ఊరంతా మోకాళ్ళు వంగిపోయె. పాప అంత దూరం పోయి మళ్ళీ దాన్నే చేస్తాండాదా?" అన్నాడు. హోటలంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఆ నవ్వు నాది కాదు.

కళ్యాణదుర్గం జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ముప్ఫై ఒక్క ఏళ్ళు అటెండరుగా పనిచేసినవాణ్ణి. ఆ ల్యాబ్‌లోనే నువ్వు ఇంటర్ ప్రాక్టికల్స్ చేశావు. సీసా పట్టుకోవడం నేనే నేర్పాను. అలాంటివాడికి జవాబు దొరకలేదంటే ఎంత అవమానం! నువ్వు చేసే ఆ పదార్థం ఏమిటో, ఎందుకో, నరసింహులుకు అర్థమయ్యేలా రాయి. నాకు అర్థమైతే చాలదు.

మీ చిన్నాయన,
హనుమంతప్ప.

హైదరాబాదు,
జూన్ 30.

చిన్నాయనకు నమస్కారాలు.

నరసింహులు మామ అడిగింది మంచి ప్రశ్నే. మా సెలక్షన్ ఇంటర్వ్యూలో కూడా ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. లోపలి సంగతులు రాయకూడదు కాబట్టి పుస్తకాల్లో అందరికీ దొరికేదే రాస్తున్నాను.

ఫ్లోరిన్ గుణం ఒక్కటే. పట్టుకుంటే వదలదు. మన బోరు నీళ్ళలో ఉన్నది ఎముకలోని కాల్షియాన్ని పట్టుకుంది. అందుకే అమ్మ పక్కకు చూడాలంటే మెడ తిరగదు, మనిషంతా తిరగాలి. అందుకే నా పళ్ళ మీద ఈ గోధుమ చారలు. అదే ఫ్లోరిన్ తోరియం అనే లోహాన్ని పట్టుకుంటే తెల్లటి పొడి అవుతుంది. ఒక తోరియం పరమాణువుకు నాలుగు ఫ్లోరిన్లు. చూడటానికి మామూలు ఉప్పు, వాసన లేదు. కానీ ముద్ద కట్టి తూస్తే అంతే నీళ్ళకన్నా ఆరు రెట్లు బరువు. నీళ్ళలో కరగదు. కంసాలి మూసలో బంగారం కరిగిపోయాక కూడా ఇది కదలదు, పదకొండు వందల డిగ్రీలు దాటాలి.

రేడియో ధార్మికత గురించి అమ్మను భయపెట్టకు. దీని కిరణాలను చాలావరకు ఒక కాగితం ఆపేస్తుంది. పొడి ఊపిరిలోకి పోతేనే ప్రమాదం. అందుకే అద్దాల పెట్టెలోకి రబ్బరు తొడుగుల గుండా చేతులు పెట్టి పని చేస్తాం. తోరియం సగం తరగడానికి పద్నాలుగు వందల కోట్ల ఏళ్ళు పడుతుంది. నా ఉద్యోగానికి దానివల్ల లోటు లేదు.

తయారీ చెప్పడం తేలిక, చేయడం కష్టం. తోరియం ఆక్సైడ్‌ను నికెల్ పళ్ళెంలో పోసి, కొలిమిలో కాలుస్తూ దాని మీదుగా హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాయువు పంపాలి. ఆ వాయువు గాజునే తినేస్తుంది. ఆక్సిజన్ నీటి ఆవిరిగా లేచిపోతుంది, దాని చోట ఫ్లోరిన్ కూర్చుంటుంది. ఈ తెల్ల పొడిని ఇతర లవణాలతో కలిపి కరిగించి, అదే ఇంధనంగా కొత్త రకం రియాక్టరు నడపవచ్చా అని పరిశోధన. ఎముకకు రోగమైన పట్టుదలే మాకు పనికొచ్చే గుణమని నరసింహులు మామకు చెప్పు.

ఈ పని మొదటి నుంచి చివరి దాకా నా పేరు మీద ఇచ్చారు. ఏప్రిల్, మే నెలల్లో చేసిన మూడు విడతలూ కరిగించి చూస్తే కడిగిన అద్దంలా ఉన్నాయి. మా టీం పెద్ద జయచంద్ర సార్ మెచ్చుకున్నారు.

ఇక్కడ పది రోజులుగా వాన వదలడం లేదు. బట్టలు ఆరడం లేదు.

నీ
ఈశ్వరి.

కంబదూరు,
జూలై 12.

చిరంజీవి ఈశ్వరికి ఆశీస్సులు.

నీ ఉత్తరం హోటల్లో పెద్దగా చదివాను. "బంగారం కరిగినా ఇది కరగదు" అన్నచోట కాస్త ఆగి అందరి ముఖాలూ చూశాను. నరసింహులు మాత్రం, "పాప చెప్పింది బాగుండాది. నువ్వు చదివేది బాగలేదు" అన్నాడు. ఓర్వలేనితనం.

విష్ణువర్ధన్ సార్ ఇంటికి కూడా వెళ్ళాను. ఆయన నీకు కెమిస్ట్రీ చెప్పిన సారు, నాకు పై అధికారి. డెబ్బై దగ్గర పడింది, మనిషి చెక్కు చెదరలేదు. ఉత్తరం రెండుసార్లు చదివించుకుని, "పాపకు పుస్తకం చెప్పింది నేనైనా, చెయ్యి నేర్పింది నువ్వే హనుమంతప్పా" అన్నాడు. నేను వద్దన్నట్టు చెయ్యి ఊపాను, కానీ లోపల ఏనుగెక్కినట్టే ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నా చేతిలో ఒక్క సీసా పాడుకాలేదు. నా వీడ్కోలు సభలో సారే ఆ మాట మైకులో చెప్పాడు. నా దగ్గర నేర్చుకున్నదాని చేతిలో అద్దం లాంటి ఉప్పు రాక ఏమొస్తుంది?

ఇంకొక మాట. పంద్రాగస్టుకు మన హైస్కూల్లో నువ్వు మాట్లాడతావని హెడ్‌మాస్టరుకు మాటిచ్చాను. నిన్ను అడగలేదు. అడిగితే ఆలోచిస్తానంటావు.

ఇక్కడ వాన లేదు. విత్తనాల శనక్కాయలు ఒలిచి పెట్టుకుని జనం ఆకాశం కేసి చూస్తున్నారు. ఏరువాక పోయి నెల దాటింది. మీ వానలో ఒక్క పూట వాన ఇటు పంపించగలవా?

మీ చిన్నాయన,
హనుమంతప్ప.

హైదరాబాదు,
జూలై 28.

చిన్నాయనకు నమస్కారాలు.

పంద్రాగస్టుకు రాలేను. సెలవు లేదు. హెడ్‌మాస్టరుగారికి చెప్పు. ఇకమీద నా ఉత్తరాలు హోటల్లో చదవవద్దు, విష్ణువర్ధన్ సార్‌కు కూడా చూపించవద్దు. పని గురించి మాట్లాడటానికి ఇప్పుడేమీ లేదు.

వాన పడుతూనే ఉంది. అమ్మకు మాత్రలు అందాయా?

ఈశ్వరి.

కంబదూరు,
ఆగస్టు 5.

చిరంజీవి ఈశ్వరికి ఆశీస్సులు.

మాత్రలు అందాయి. నీ కోపం కూడా అందింది. రెండు రోజులు నీ మీద అలిగి ఎవరితోనూ మాట్లాడలేదు. చెవిటివాడి అలక ఎవరికీ తెలియదని మూడోరోజు తెలిసింది.

మీ అమ్మకు చదివి వినిపిస్తే ఆమె గొర్రెలు తోలుకుని పోతూ పోతూ, "కోపం గాదు మరిదీ. పాపకు యాడో దెబ్బ తగిలుండాది. చిన్నప్పుడు పడినా ఏడ్చేది గాదు, నోరు మూసుకుంటాండె" అంది. ఆమెకు అక్షరం రాదు. నాకు వచ్చి ఏం లాభం?

హైస్కూలు సంగతి నేను చూసుకున్నాను. నీకు సెలవు దొరకలేదని చెప్పాను. నీ ఉత్తరాలు పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఇప్పుడు నిజం రాయి. ఉద్యోగం పోయిందా? ఎవరైనా ఏమైనా అన్నారా? ఏదైనా సరే, నేను చదవగలను.

చిన్నాయన.

హైదరాబాదు,
ఆగస్టు 14.

చిన్నాయనా,

ఉద్యోగం పోలేదు. నా పని పోయేట్టుంది.

జూన్ చివర చేసిన విడత కరిగిస్తే మసక వచ్చింది, పాలు కలిపిన నీళ్ళలాగా. అంటే ఎక్కడో ఆక్సిజన్ మిగిలింది. జూలైలో చేసినవి రెండూ అంతే. ఆ మసక ఉన్న ఉప్పు దేనికీ పనికిరాదు. సెప్టెంబరు పదిన సమీక్ష. ఆలోగా ఒక్క మంచి విడత చూపించకపోతే ఈ పని వేరే ల్యాబ్‌కు ఇచ్చేస్తారు. అప్పుడు వేసవిలో వచ్చినవి నా చేతి చలవ కాదని, ఏదో అదృష్టమని అనుకుంటారు. ఇప్పటికే ఒకాయన నా ముందే అన్నాడు. నేను నోరు తెరవలేదు. ఏడుస్తానని భయమేసింది. చిన్నాయనా, నాకు ఈ పని కావాలి. నా జీవితంలో నాదని చెప్పుకోదగ్గ పని ఇదొక్కటే.

వెతకనిది లేదు. ఆక్సైడ్ మార్చాను. వాయువు సిలిండరు మార్చాను. కొలిమి వేడి డిగ్రీ డిగ్రీ చూశాను. పళ్ళెం కొత్తది తెప్పించాను. అన్నీ సరిగానే ఉన్నాయి. నా చేతిపని మీద అనుమానానికి తావే లేదు, ఎందుకంటే నువ్వు నేర్పినట్టే చేస్తాను. తూచేముందు త్రాసు గిన్నె తుడుస్తాను. పొడి కొలిమి లోంచి పెట్టెలోకి వచ్చాక వెచ్చదనం పోయేదాకా అరగంట మూత తీసే ఉంచుతాను. "వేడి మీద మూత పెట్టొద్దు పాపా, లోపల చెమట పడతాది" అని నువ్వు రోజూ చెప్పేవాడివి కదా. పన్నెండేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు. మా పద్ధతి కాగితంలో "చల్లార్చి మూయాలి" అని మాత్రమే ఉంటుంది, ఎలాగో ఉండదు. మిగతావాళ్ళకన్నా నాకు ఎక్కువ తెలుసునని ఆ అరగంటలో గర్వపడేదాన్ని.

ఇది నువ్వొక్కడివే చదువు.

ఈశ్వరి.

కంబదూరు,
ఆగస్టు 21.

చిరంజీవి ఈశ్వరికి,

నీ ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని వరుసగా చదివాను. ఏప్రిల్, మే అద్దం. జూన్ చివర మసక. నీ జూన్ ఉత్తరంలో పది రోజులుగా వాన అని ఉంది. జూలై ఉత్తరంలోనూ వాన. నీకు వాన చికాకు, నాకు వాన మీద అసూయ. అందుకే ఆ మాటలు నాకు కనిపించాయి. ఒక్క వాన కూడా పడని చోట కూర్చుని చదివేవాడికే అవి కనిపిస్తాయి.

తప్పు నాది. ఎలాగో రాస్తాను. రాయడానికి నాలుగు కాగితాలు చించాను.

నేను ఉద్యోగంలో చేరిన ఆరో ఏడు కార్తీకంలో తుఫాను పట్టి తొమ్మిది రోజులు ముసురు. మన సీమలో అంత ముసురు నేను మళ్ళీ చూడలేదు. మర్నాడు ఇన్స్పెక్షన్. మైలుతుత్తం, అదే మీ కాపర్ సల్ఫేట్, వేడి చేసి నీలం పోయేదాకా తెల్లగా కాల్చి, ఎనిమిది సీసాల్లో పోశాను. వేడి మీద మూత పెట్టకూడదు కదా, అలాగే తెరిచి పెట్టి ఇంటికొచ్చాను. పొద్దున వెళ్ళి చూస్తే ఎనిమిదింటిలోనూ నీలం. పక్కన కాల్షియం క్లోరైడ్ గిన్నెలో పొడి లేదు, నీళ్ళున్నాయి. గాలిలో నీళ్ళుంటాయని నాకు ఆరోజే తెలిసింది. మనకు బావిలో ఉండవు, చెరువులో ఉండవు, గాలిలో ఉంటాయని ఎవరికి తోస్తుంది?

ఆఫీసరు కేకలేశాడు. విష్ణువర్ధన్ సార్ ముందుకొచ్చి, "నేనే తెరిచి పెట్టమన్నాను" అన్నాడు. ఆయనకు మెమో ఇచ్చారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను, నోరు మెదపలేదు. చివరికి నా వీడ్కోలు సభలో ఒక్క సీసా పాడుకాలేదని ఆయనే అన్నాడు. నేను దండ వేయించుకుని కూర్చున్నాను. అప్పటి నుంచి ఆ మాట ఊరూరా చెప్పుకు తిరుగుతున్నాను. నీకూ చెప్పాను.

నీకు సగమే నేర్పాను పాపా. "ముసురులో మాత్రం తెరిచి పెట్టొద్దు" అని చేర్చాలి. చేరిస్తే నువ్వు, "నీకెట్ల తెలుసు చిన్నాయనా?" అని అడుగుతావు. నీ నోరు నాకు తెలియదా. ఆ ప్రశ్నకు భయపడి ఆ సగం మింగేశాను. ఎండాకాలం పదకొండు నెలలుండే మన ల్యాబ్‌లో దాని అవసరమూ రాలేదు.

నాకు మీ కొలిమి సంగతి తెలియదు. కానీ కొంచెం మైలుతుత్తం తెల్లగా కాల్చి, నీ అద్దాల పెట్టెలో నువ్వు పొడి తెరిచిపెట్టే చోట అరగంట ఉంచి చూడు. నీలం వస్తే నన్ను తిట్టుకో. రాకపోతే ముసలాడి మాటని వదిలెయ్.

హనుమంతప్ప.

హైదరాబాదు,
సెప్టెంబరు 12.

చిన్నాయనకు,

ఇరవై నిమిషాలకే అంచుల్లో నీలం వచ్చింది. నేను పెట్టె ముందు కూర్చుని గట్టిగా నవ్వాను. పక్క బల్ల దగ్గర అశ్విని, నాతో పనిచేసే అమ్మాయి, భయపడి పరుగెత్తుకొచ్చింది.

మా పెట్టెలోకి వచ్చేది గది గాలే. ఆ సన్నటి పొడి అరగంటలో తడిని పట్టేసుకుంటుంది. మళ్ళీ కరిగించడానికి వేడి చేస్తే ఆ తడి ఫ్లోరిన్‌ను బయటికి తరిమి ఆక్సిజన్‌ను కూర్చోబెడుతుంది. నేను కొలిమిలో ఎనిమిది గంటలు చేసిన పనిని మూత పెట్టక అరగంటలో పాడుచేస్తూ వచ్చాను. వేసవిలో ఇక్కడి గాలి మన ఊరి గాలిలా ఉంటుంది, అందుకే బతికిపోయాను.

ఈసారి కొలిమిలోనే తడిలేని వాయువులో పూర్తిగా చల్లార్చాను. పెట్టెలోకీ అదే వాయువు నింపి, వెంటనే మూత బిగించాను. సమీక్షకు నాలుగు రోజుల ముందు కరిగించాం. అద్దం చిన్నాయనా! అడుగున పళ్ళెం మీది గీతలు కనిపించాయి. రెండోసారి చేస్తే రెండోసారీ అంతే. బయట కుండపోత వానలో చేశాను, కావాలనే.

పని నాకే ఉంచారు. జయచంద్ర సార్ అందరి ముందూ, "కారణం ఎలా పట్టుకున్నావమ్మా?" అని అడిగారు. ఒకరిని అడిగి చెబుతానన్నాను. అందుకే ఈ ఉత్తరం.

రిపోర్టులో వైఫల్యానికి కారణం రాయాలి. "పనిచేసేవారి అలవాటు" అని రెండు మాటల్లో ముగించవచ్చు, ఎవరూ అడగరు. కానీ నాకు పూర్తిగా రాయాలనుంది. ఆ అలవాటు ఎవరి దగ్గర నేర్చుకున్నానో, దాని లోపం ఎవరు పట్టారో, పరీక్ష ఎవరు చెప్పారో, ఆ ఎనిమిది సీసాల సంగతితో సహా. ఎందుకంటే కారణం అక్కడుంది. రాస్తే అది లైబ్రరీలో ఉంటుంది, మా తర్వాత వచ్చేవాళ్ళు చదువుతారు. ఒక్క సీసా పాడుకాలేదన్న మాట మాత్రం ఇక చెల్లదు.

నువ్వు వద్దంటే రాయను. కానీ ఇది విను. నువ్వు ఏ తప్పూ చేయలేదని నమ్మినప్పుడు నిన్ను చూసి గర్వపడ్డాను. ఆగస్టు ఉత్తరం చదివాక ఇంకా ఎక్కువ గర్వంగా ఉంది. ఆ నాలుగు కాగితాలు చించి ఐదోది రాశావు చూడు, దానికి.

నీ
ఈశ్వరి.

కంబదూరు,
సెప్టెంబరు 20.

చిరంజీవి ఈశ్వరికి మీ చిన్నాయన ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. మొదటి రోజు "వద్దు" అని రాశాను. రెండోరోజు "నీ ఇష్టం" అని రాశాను. ఆ రెండూ పిరికి మాటలే అనిపించి చించేశాను. నాలుగో రోజు బస్సెక్కి కళ్యాణదుర్గం వెళ్ళాను.

విష్ణువర్ధన్ సార్ వరండాలో పేపరు చదువుతున్నాడు. నిలబడే మొత్తం చెప్పాను. మెమో సంగతి, నీ ఉప్పు సంగతి, రిపోర్టు సంగతి. ఆయన కళ్ళజోడు తీసి, "ఆ కాగితం యాడ పడేసినానో నాకే గుర్తులేదప్పా. నువ్వు ఇన్నేండ్లు మోస్తాండావా?" అన్నాడు.

"మోసేది బరువనిపించలేదు సార్. దాని మీద కూర్చుని గొప్పలు పోయినా" అన్నాను.

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత, "ఆ పొద్దు నేను అడ్డం వచ్చింది నువ్వు పనికిమాలినోడివని కాదు. పనోడికి ఒకసారి తప్పు జరగతాది. ఆ తప్పు ఎట్ల జరిగిందో చెప్పేది నేర్పాల్సింది, నేనూ నేర్పలే" అన్నాడు. కాఫీ తెప్పించాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చుని తాగాను.

తిరిగొచ్చి నేరుగా హోటల్‌కు వెళ్ళాను. రిపోర్టులో చదివి తెలుసుకునే రకాలు కాదు మనవాళ్ళు, కాబట్టి నేనే చెప్పాను. నరసింహులు ఎగతాళి చేస్తాడని కాచుకుని ఉన్నాను. వాడు, "అయితే పాప పని నిలబెట్టింది నువ్వేనంటావు" అన్నాడు. "చెడగొట్టిందీ నేనే" అన్నాను. "రెండూ చేసినోడు ఈ మండలంలో ఇంకెవడున్నాడు లేప్పా" అని నా టీకి కూడా వాడే చెప్పాడు. మీ అమ్మ మాత్రం సంగతంతా విని, "పాప నవ్వినాదంట గదా, అది చాలు" అంది.

రాయి పాపా. ఎనిమిది సీసాలూ రాయి. సార్ పేరు రాసేముందు ఆయన్ను అడగనక్కర్లేదు, నేను అడిగాను, సరేనన్నాడు. నా పేరు పూర్తిగా రాయి, ఊరు రాయి, ల్యాబ్ అటెండరు అని రాయి. ఆ మాట దాచి సహాయకుడనో సాంకేతిక నిపుణుడనో గొప్పగా మార్చవద్దు.

రిటైర్డ్ అని మాత్రం రాయవద్దు. మొన్న ఆగస్టులో కూడా పని చేశాను.

మీ చిన్నాయన,
హనుమంతప్ప,
ల్యాబ్ అటెండరు.